బెంగళూరు నుంచి లోఫోటెన్‌కి: విదేశంలో ఫోటో వర్క్‌షాప్‌కి వెళ్లేవాళ్ల కోసం

నేను పెళ్లిళ్లు తీసే ఫోటోగ్రాఫర్‌ని. మాది హిందూపురం, పదకొండేళ్లుగా కాపురం బెంగళూరులో. నార్వే ఉత్తరాన ఉన్న లోఫోటెన్ దీవుల్లో చలికాలపు ల్యాండ్‌స్కేప్ వర్క్‌షాప్‌కి రెండుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి అందరిలాగే మొదటి నుంచి చివరికి ప్లాన్ చేశాను: ముందు చవక టికెట్, తర్వాత వీసా, చివర్లో సంచీ. ప్రతిచోటా దెబ్బతిన్నాను. రెండోసారి తిరగేశాను. చిట్టచివర ఎక్కబోయే బుల్లి విమానంలో ఏం పడుతుంది, అర్ధరాత్రి చలిలో ఏ బటన్ నొక్కాలి అన్న దగ్గర మొదలుపెట్టి వెనక్కి వచ్చాను. ఇక్కడ రాసిందంతా ఆ పద్ధతే. మీరు వెళ్లేది ఐస్‌లాండ్‌కైనా, స్విట్జర్లాండ్‌కైనా చాలావరకు పనికొస్తుంది.

అడుగు 1: అది వర్క్‌షాపా, టూరా తేల్చుకోండి (ఎనిమిది నెలల ముందు)

ఫోటో టూర్ అంటే మంచి చోట్లకి మంచి సమయానికి తీసుకెళ్తారు, తీసుకోవడం మీ ఇష్టం. వర్క్‌షాప్ అంటే పక్కన నిలబడి నేర్పాలి, మీ ఫోటోలు తెర మీద వేసి తప్పు ఎక్కడుందో చెప్పాలి. ప్రకటనల్లో రెండింటికీ ఒకటే పేరు వాడేస్తారు. అందుకే డబ్బు కట్టే ముందు ఒక ఈమెయిల్ రాయండి. ఒక గురువుకి ఎంతమంది? రోజూ ఫోటోల సమీక్ష ఉంటుందా, ఎంతసేపు? మూడు రోజులు మబ్బు పడితే ఏం చేస్తారు? వ్యాన్ నడిపేది గురువేనా, వేరే డ్రైవరా?

ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ నా లెక్కలో అదే పెద్దది. రాత్రి రెండింటి దాకా అరోరా (ఉత్తరాన రాత్రి ఆకాశంలో తెరలా కదిలే రంగుల వెలుగు) తీయించి, మంచు రోడ్డు మీద తనే బండి నడిపి, పొద్దున్నే మళ్లీ సూర్యోదయానికి లేపే మనిషికి మూడో రోజుకల్లా నేర్పే ఓపిక ఉండదు. ఒక గురువుకి ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. పన్నెండు మంది అంటే అది టూరే. అదేం తప్పు కాదు, కాకపోతే వర్క్‌షాప్ ఫీజు కట్టకూడదు.

జవాబు వచ్చే తీరు కూడా చూడండి. మబ్బు పడితే కాడ్ చేపలు ఎండబెట్టే కర్ర పందిళ్లు, ఎర్రటి జాలరి గుడిసెలు, ఊళ్లోని పడవల రేవు తీయిస్తామని విడమరిచి రాసినవాళ్లకి ఆ చోటు తెలుసు. ‘ప్రకృతి మన చేతుల్లో లేదు కదా’ అని ఒక్క ముక్కలో రాసినవాళ్ల మీద నాకు గురి కుదరదు.

అడుగు 2: తేదీలు

లోఫోటెన్ దాదాపు 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఆర్కిటిక్ వృత్తానికి పైన ఉంటుంది. డిసెంబర్ మొదటి వారం నుంచి జనవరి మొదటి వారం దాకా అక్కడ సూర్యుడు దిగంతం దాటి పైకి రాడు. మే ఆఖరు నుంచి జులై మధ్య దాకా అస్తమించడు. కాబట్టి పగటి వెలుగూ, అరోరాకి కావలసిన చీకటీ రెండూ కావాలంటే ఫిబ్రవరి, మార్చి. కొండల మీద మంచు ఉంటుంది, సూర్యుడు రోజంతా కిందనే పాకుతుంటాడు. మనకి బెంగళూరులో పావుగంట దొరికే బంగారు వెలుగు అక్కడ గంటలకొద్దీ దొరుకుతుంది.

చంద్రుణ్ణి కూడా చూసుకోండి. అమావాస్యకే వెళ్లాలని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో విదియ నుంచి సప్తమి మధ్య చంద్రుడు మేలు. ఆ కాస్త వెన్నెల మంచుకొండల మీద పడి ముందుభాగం నల్లగా మాడిపోకుండా కాపాడుతుంది. కొంచెం గట్టిగా వచ్చిన అరోరాని అది చెరపలేదు.

పెళ్లిళ్లు తీసేవాళ్లకి ఇంకో చిక్కుంది. ఫిబ్రవరి అంటే మాఘమాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు. అందుకే నేను వర్క్‌షాప్ పేజీ తెరిచే ముందు పంచాంగం తెరుస్తాను. మూఢం ఎప్పుడొస్తుందో చూసుకుని దాని చుట్టూ తేదీలు వెతుక్కుంటే పార్టీలకి ‘కుదరదండీ’ అని చెప్పే బాధ తప్పుతుంది.

అడుగు 3: టికెట్లు, చివరి విమానం నుంచి వెనక్కి

బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌లకి నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి ఓస్లో, ఓస్లో నుంచి బోడో, బోడో నుంచి లోఫోటెన్ దీవుల్లోని లెక్నెస్ గానీ స్వోల్వేర్ గానీ. ఈ ఆఖరి ముక్కలో నడిచేది రెక్కలకి పంకాలు తిరిగే చిన్న డాష్ 8 విమానం. తల మీది అర మన పెద్ద విమానాల్లో ఉన్నంత ఉండదు. బెంగళూరులో దర్జాగా లోపలికి తెచ్చుకున్న కెమెరా బ్యాగ్‌ని అక్కడ మెట్ల దగ్గరే తీసుకుని కింద అరలో వేస్తారు.

మొదటిసారి నాకు జరిగింది అదే. బ్యాగ్‌లో రెండు కెమెరా బాడీలు, నాలుగు లెన్సులు, ఎనిమిది బ్యాటరీలు. మెట్ల దగ్గర నిలబడి, వెనక జనం చూస్తుండగా, బ్యాటరీలన్నీ జాకెట్ జేబుల్లోకి, ఒక బాడీ మెడకి, ఒక లెన్స్ టోపీలో చుట్టి చంకలోకి. ఇప్పుడు ఒక మడత సంచీ బ్యాగ్ పైనే పెట్టుకుంటాను. అడిగితే బాడీలు, పెద్ద లెన్స్, బ్యాటరీలు, హార్డ్‌డిస్కులు అర నిమిషంలో అందులోకి మారతాయి, ఖాళీ బ్యాగ్ వాళ్లకిస్తాను.

విమానం వద్దనుకుంటే బోడో నుంచి దీవుల్లోని మోస్కెనెస్‌కి కార్లు ఎక్కించుకునే పెద్ద ఫెర్రీ ఉంది. సముద్రం పోటుగా ఉన్న రోజు కడుపు సంగతి మాత్రం మీరే చూసుకోవాలి.

మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు. టికెట్లన్నీ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి, లేకపోతే ఒకటి ఆలస్యమైతే మిగతావి మీ ఖర్చే. వర్క్‌షాప్ మొదలయ్యే రోజుకి ఒక రోజు ముందే దీవి మీద ఉండాలి. తిరుగు ప్రయాణంలో ఓస్లోలో ఒక రాత్రి ఆగాలి, ఎందుకంటే గాలివానకి ఆ చిన్న విమానాలు ఆగిపోవడం అక్కడ మామూలే.

అడుగు 4: ఫీజు కట్టడం

నిర్వాహకులు సాధారణంగా బ్యాంకు ద్వారా పంపమంటారు. మీ బ్యాంకులో ఫారం ఏ2 నింపాలి, పాన్ ఇవ్వాలి, ఇన్‌వాయిస్ చూపించాలి. రిజర్వ్ బ్యాంక్ ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, కాబట్టి హద్దు గురించి దిగులక్కర్లేదు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీదే టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) పడుతుంది. అయితే ఇక్కడి ట్రావెల్ ఏజెంట్ దగ్గర విమానం, హోటల్, వర్క్‌షాప్ అంతా ఒక ప్యాకేజీగా కొంటే టీసీఎస్ మొదటి రూపాయి నుంచే వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ దాఖలు చేసినప్పుడు సర్దుకోవచ్చు. చేతిలో డబ్బు కొన్ని నెలలు ఇరుక్కుంటుంది, అంతే.

పంపేటప్పుడు బ్యాంకు చార్జీలన్నీ మీరే భరించే పద్ధతి ఎంచుకోండి. లేదంటే మధ్యలోని బ్యాంకులు కొంత కోసుకుంటాయి, అక్కడికి ఇరవై యూరోలు తక్కువ చేరుతుంది, వాళ్లు మర్యాదగా మళ్లీ అడుగుతారు, మళ్లీ అదే తంతు. అక్కడ చేతి ఖర్చుకి నోట్లు దాదాపు అవసరం పడవు, టీ కొట్టులో కూడా కార్డే. ఒక ఫారెక్స్ కార్డు, తోడుగా ఒక మామూలు క్రెడిట్ కార్డు చాలు.

అడుగు 5: వీసా

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు, షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో, ఉంది. మీరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగినా సరే, ఎక్కువ రోజులు ఉండేది నార్వేలో కాబట్టి నార్వే వీసాకే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. 15 రోజుల గడువుని నమ్ముకుంటే కొంప మునుగుతుంది. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది. మూడు నెలల ముందు వెళ్లండి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, దాని మీద వీసా కేంద్రం సేవా రుసుము. పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి ప్రయాణ బీమా తప్పనిసరి.

ఇక అసలు కష్టం. ఆఫీసు ఉద్యోగులైతే ఎన్‌ఓసీ, మూడు జీతం స్లిప్పులు ఇచ్చి బయటపడతారు. మనలాంటి ఫ్రీలాన్సర్లకి ఎన్‌ఓసీ ఎవరిస్తారు? మనం తిరిగొస్తామని మన కాగితాలే చెప్పాలి. నేను పెట్టినవి ఇవి: ఆదాయపు పన్ను రిటర్నులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్, జీఎస్టీ సర్టిఫికెట్, వర్క్‌షాప్ వాళ్ల ఆహ్వాన లేఖ, ఫీజు కట్టిన రసీదు. వీటన్నిటికంటే గట్టిగా పనిచేసిందని నేను నమ్మేది ఇంకొకటి ఉంది: ఏప్రిల్, మే నెలల్లో పెళ్లిళ్లకి అడ్వాన్సు తీసుకున్న ఒప్పంద పత్రాలు. తిరిగి రావడానికి అంతకన్నా కారణం ఏం కావాలి?

బ్యాంకు ఖాతాలో ఆఖరి వారం హడావిడిగా బావమరిది దగ్గర మూడు లక్షలు తెచ్చి వేయకండి. ఒక్కసారిగా పడ్డ మొత్తం అందరికంటే ముందు వీసా అధికారుల కంటికే కనబడుతుంది. ఆహ్వాన లేఖలో మీరు నేర్చుకోవడానికి వస్తున్నారని, డబ్బు తీసుకుని పని చేయడానికి కాదని స్పష్టంగా రాయించండి. రోజువారీ ప్లాన్ ఒక పేజీకి మించకూడదు.

చెప్పుకోవడానికి సిగ్గేసే సంగతి ఒకటి. వీసా ఫోటో నేనే తీసుకున్నాను. రెండు సాఫ్ట్‌బాక్సులు, 85 ఎంఎం లెన్స్, తెల్లటి గోడ. కౌంటర్‌లో అమ్మాయి చూసి, ‘సార్, చెవి వెనక నీడ ఉంది, బయట తీయించుకురండి’ అంది. కింద అంగట్లో కుర్రాడు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక ట్యూబ్‌లైట్ కింద, రెండు నిమిషాల్లో తీసిచ్చాడు. అది పాసయింది.

మీరు మొదట కాలు పెట్టే షెంజెన్ దేశంలోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. 2025 అక్టోబర్ 12 నుంచి అక్కడ స్టాంపుల స్థానంలో వేలిముద్రలు, ముఖం ఫోటో తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది. క్యూ నెమ్మదిగా కదలొచ్చు. రెండు విమానాల మధ్య మూడు గంటలకి తక్కువ పెట్టుకోకండి. ఆహ్వాన లేఖ, బీమా, తిరుగు టికెట్ చేతి సంచీలోనే ఉంచండి.

అడుగు 6: సంచీలో ఏముండాలి

రెండు బాడీలు. ఒకటే ఉంటే రెండోది అద్దెకి తీసుకోండి, బెంగళూరులో రోజు అద్దెకి కెమెరాలిచ్చే దుకాణాలు బోలెడు, విదేశానికి తీసుకెళ్తున్నానని ముందే చెప్పి ఒప్పుకున్నట్టు రాయించుకోండి. 14-24 గానీ 20 ఎంఎం గానీ వెడల్పు లెన్స్, ఎఫ్ 2.8 లేదా ఇంకా పెద్ద అపర్చర్‌తో. ఒక 24-70. ఒక 70-200, దూరపు కొండల మీద పడే వెలుగు ముక్కలకి. నాలుగోది మోసుకెళ్తే అది గదిలోనే నిద్రపోతుంది, నాది రెండుసార్లూ అలాగే నిద్రపోయింది. లోపలికొచ్చే వెలుగుని తగ్గించే ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి, తుడిచే గుడ్డలు మాత్రం ఎనిమిది. సముద్రపు తుంపర లెన్స్ మీద పడితే ఒక్క గుడ్డ పది నిమిషాల్లో ఉప్పు ముద్ద అవుతుంది.

ట్రైపాడ్, దాని అలెన్ కీలు, మల్టీటూల్ చెక్-ఇన్ సామానులో వేయండి. బ్యాటరీలకి దీనికి సరిగ్గా ఉల్టా: విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్-ఇన్‌లో వేయకూడదు, చేతి సంచీలోనే. ఒక్కోటి 100 వాట్ అవర్ల లోపు ఉంటే అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 మధ్య అయితే విమాన సంస్థ ఒప్పుకోవాలి, అవీ రెండుకి మించకూడదు. లెక్క సులువు: మిల్లీ యాంప్ అవర్లని వోల్టులతో గుణించి వెయ్యితో భాగించడమే. మామూలు మిర్రర్‌లెస్ బ్యాటరీ 16 వాట్ అవర్ల చుట్టూ ఉంటుంది. 20,000 మిల్లీ యాంప్ అవర్ల పవర్ బ్యాంకు 3.7 వోల్టుల దగ్గర 74 వస్తుంది, పర్వాలేదు. 30,000ది 111, అది తలనొప్పి. వాట్ అవర్ అచ్చు చెరిగిపోయిన పవర్ బ్యాంకు ఎంత మంచిదైనా ఇంట్లో వదిలేయండి. బ్యాటరీల కొసలకి టేపు అంటించండి, లేదా ఒక్కోదాన్ని దాని డబ్బాలో ఉంచండి.

నార్వేలో కరెంటు మనలాగే 230 వోల్టులు. కెమెరా చార్జర్ల సన్నటి రెండు పుల్లల ప్లగ్ అక్కడి సాకెట్‌లో నేరుగా దిగుతుంది. మన మూడు పుల్లలది దిగదు. ఒక్క అడాప్టర్, ఇంట్లోని స్పైక్ బోర్డు పట్టుకెళ్తే రాత్రి నాలుగు చార్జర్లు ఒకేసారి పెట్టుకోవచ్చు. గదిలో సాకెట్ కోసం తోటి విద్యార్థితో పోటీ పడక్కర్లేదు.

డ్రోన్ గురించి అడుగుతారు కాబట్టి: వదిలేయండి. ఐరోపాలో కెమెరా డ్రోన్‌కి రిజిస్ట్రేషన్ కావాలి, మొరాకో లాంటి దేశాల్లో అనుమతి లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు, పైగా 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని మన దేశమే నిషేధించింది. తిరిగొచ్చేటప్పుడు ‘ఇది ఇక్కడ్నుంచి తీసుకెళ్లిందే’ అని నిరూపించే బాధ్యత మీదే.

అడుగు 7: కస్టమ్స్ కాగితం, బీమా

ఈ అడుగుని తొంభై శాతం మంది వదిలేస్తారు. నేనూ వదిలేశాను. తిరిగొచ్చిన రోజు తెల్లవారుజామున ఒక అధికారి నా బ్యాగ్ తెరిపించి, ‘ఇవన్నీ అక్కడ కొన్నవా?’ అని అడిగారు. ఆయన అడగడంలో తప్పేం లేదు, కొత్తలా మెరుస్తున్నాయి మరి. బిల్లులు ఫోన్‌లో ఉన్నాయి, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. పవర్ బ్యాంకు వెతికి, ఫోన్ లేపి, జీఎస్టీ బిల్లులు ఒక్కొక్కటే చూపించేసరికి నలభై నిమిషాలు.

దీనికి మందు ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్. దేశం వదిలే ముందు విమానాశ్రయంలో కస్టమ్స్ కౌంటర్‌లో సామాను చూపిస్తే, వివరాలు రాసి ముద్ర వేసి ఇస్తారు. తిరిగొచ్చేటప్పుడు ఆ వస్తువులకి సుంకం ప్రశ్న రాదు. అందుకు ఇంటి దగ్గరే ఒక పట్టిక అచ్చు వేసుకోండి: వస్తువు, మోడల్, సీరియల్ నంబర్, కొన్న తేదీ, ధర. మూడు కాపీలు, బిల్లుల జిరాక్సులు. సామాను చూపించాలి కాబట్టి చెక్-ఇన్‌లో వేయకముందే కౌంటర్ ఎక్కడుందో అడగండి. బెంగళూరు నుంచి అంతర్జాతీయ విమానాలు 2023 సెప్టెంబర్ నుంచి రెండో టెర్మినల్ నుంచే. దేవనహళ్లి ట్రాఫిక్‌కి రెండు గంటలు, ఈ పనికి ఇంకో గంట కలుపుకుని బయల్దేరండి.

లైటింగ్ సామానుతో, నలుగురు మనుషులతో, డబ్బు తీసుకునే షూటింగ్‌కి వెళ్తుంటే అది వేరే కథ. సామాను సుంకం లేకుండా కొన్నాళ్లు విదేశానికి పట్టుకెళ్లి వెనక్కి తేవడానికి ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంది, మన దేశంలో ఫిక్కీ ఇస్తుంది. ఒక సంచీతో నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లకి అంత అక్కర్లేదు.

ప్రయాణ బీమాలో కెమెరాకి వచ్చేది చూస్తే నవ్వొస్తుంది. పరికరాలకి విడిగా ‘ఆల్ రిస్క్’ పాలసీ తీసుకోండి. రెండు వాక్యాలు వెతకండి: ప్రపంచమంతటా వర్తిస్తుందా, ఎవరూ చూడని వాహనంలోంచి దొంగతనం జరిగితే చెల్లుతుందా.

అడుగు 8: బెంగళూరులోనే చలి, చీకటి తెచ్చుకోండి

వర్క్‌షాప్‌లో మొదటి రెండు రోజులు చాలామంది తమ కెమెరాతోనే కుస్తీ పడుతూ గడిపేస్తారు. గురువు వెలుగు గురించి చెబుతుంటే వీళ్లు మెనూలో సెల్ఫ్ టైమర్ వెతుకుతుంటారు. అంత డబ్బు పోసింది మెనూ నేర్చుకోవడానికి కాదు.

నెల రోజులు, రోజూ రాత్రి ఇరవై నిమిషాలు మిద్దె మీదికి వెళ్లండి. లైట్లు ఆర్పి, చేతులకి రెండు జతల గ్లౌజులు వేసుకుని ఈ పనులు కళ్లు మూసుకుని చేయండి: ట్రైపాడ్ విప్పడం, లెన్స్ మార్చడం, బ్యాటరీ మార్చడం, కార్డు మార్చడం, ఐఎస్‌ఓ మూడు క్లిక్కులు పెంచడం, మాన్యువల్ ఫోకస్‌కి రావడం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నన్ను రెండు రోజులు గమనించి మూడో రోజు మా ఆవిడని పక్కకి పిలిచి అడిగాడు, ‘సార్‌కి ఒంట్లో బాగానే ఉందా అమ్మా?’ అని. బెంగళూరు ఆకాశంలో నక్షత్రాలు తక్కువైనా ఒకటో రెండో దొరుకుతాయి. లైవ్ వ్యూలో దాన్ని పూర్తిగా పెద్దది చేసి, చుక్క అతి చిన్నదయ్యే దాకా ఫోకస్ రింగ్ తిప్పి, అక్కడ రింగ్‌కి టేపు వేయండి. ఇది వేళ్లకి అలవాటయ్యే దాకా చేయాలి.

చలిలో బ్యాటరీ ఎంత పడిపోతుందో తెలుసుకోవాలని ఒక పాత బ్యాటరీని జిప్ కవర్‌లో పెట్టి ఫ్రీజర్‌లో గంటసేపు ఉంచాను. అప్పుడే ఊరి నుంచి వచ్చిన మా అమ్మ బఠాణీల పొట్లం కోసం చేయి పెట్టింది.

‘ఒరే, ఇదేందిరా, ఫ్రిజ్జులో సెల్లు పెట్టినావే?’

‘బ్యాటరీ మా. చలికి తట్టుకుంటుందో లేదో చూస్తాండా.’

‘అది తట్టుకోకపోతే నువ్వెట్ల తట్టుకుంటావురా?’

నిండా చార్జ్ చేసిన ఆ బ్యాటరీ బయటికి తీసి కెమెరాలో వేస్తే సగం కూడా చూపించలేదు. అరచేతిలో కాసేపు వెచ్చబెట్టాక మళ్లీ పైకి లేచింది. చలికి చార్జ్ ఎక్కడికీ పోదు, లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అంతే. కాబట్టి అక్కడ బ్యాటరీలు సంచీలో కాదు, ఒంటికి ఆనుకున్న లోపలి జేబులో ఉండాలి. పడిపోయినదాన్ని పారేయకుండా వెచ్చబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. గడ్డకట్టిన బ్యాటరీని మాత్రం వెంటనే చార్జింగ్‌కి పెట్టకండి, పాడవుతుంది. కెమెరాని ఫ్రీజర్‌లో పెట్టే ప్రయోగం చేయొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

అడుగు 9: బట్టలు, తిండి

లోఫోటెన్ అంటే మైనస్ ముప్ఫై అని భయపడకండి. వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల తీరంలో చలికాలపు సగటు సున్నా దగ్గరే ఉంటుంది. చంపేది గాలి, తడి. డెకత్లాన్‌లో ఉన్ని లోపలి బట్టలు, మీద ఫ్లీస్, దాని మీద గాలీ నీరూ దూరని జాకెట్. మన మంకీ టోపీని చూసి నవ్వేవాళ్లు అక్కడెవరూ లేరు, ధైర్యంగా పెట్టుకోండి. బూట్లకి తగిలించుకునే ఇనుప ముళ్లు అక్కడే కొనుక్కోవచ్చు. అవి లేకుండా బీచ్‌కి కూడా వెళ్లకండి.

పుట్నాల పొడి, కందిపొడి, అటుకులు ఎంచక్కా పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు వద్దు. యూరప్ బయటి నుంచి పాల, మాంస పదార్థాలు సామానులో తేవడానికి అక్కడ ఒప్పుకోరు.

అడుగు 10: అక్కడ

బయటి చలి నుంచి వెచ్చటి గదిలోకి వచ్చే ముందు, బయట ఉండగానే కెమెరాని పెద్ద జిప్ కవర్‌లో వేసి గాలి తీసి మూసేయండి. గదిలో గంటా రెండు గంటలు అలాగే వదిలేయండి. తేమ కవర్ మీద పడుతుంది, సెన్సార్ మీద కాదు. కార్డు కావాలంటే అది బయటే తీసేసుకుని లోపలికి రండి. ఈ ఒక్క అలవాటు లేక రెండో రోజే లెన్స్ లోపల పొగమంచు పట్టించుకున్నవాళ్లని చూశాను.

అరోరాకి నేను మొదలుపెట్టే చోటు: ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 3200, 8 సెకన్లు, వైట్ బ్యాలెన్స్ 3800 దగ్గర కట్టేసి, రా ఫార్మాట్‌లో. అరోరా నీరసంగా, నెమ్మదిగా కదులుతుంటే 15 సెకన్ల దాకా వెళ్లొచ్చు. అది నాట్యం మొదలుపెట్టగానే 2 సెకన్లకి రావాలి, లేకపోతే మడతలన్నీ కలిసి పచ్చటి ముద్ద అవుతుంది. చీకట్లో కెమెరా తెర మిమ్మల్ని మోసం చేస్తుంది. ఎంత చీకటి ఫోటో అయినా వెలిగిపోతూ కనిపిస్తుంది. ఫోటోలో వెలుగు ఎంత పడిందో గ్రాఫ్‌గా చూపించే హిస్టోగ్రామ్‌నే నమ్మండి. ఆ పచ్చరంగు సుమారు నూరు కిలోమీటర్ల పైన ఆక్సిజన్ పరమాణువులు వెలిగించేది, ఇంకా పైన అదే ఆక్సిజన్ ఎరుపు ఇస్తుంది. కంటికి ఎరుపు కనబడకపోయినా సెన్సార్ పట్టేస్తుంది, కాబట్టి ఆకాశం పైభాగాన్ని ఫ్రేమ్‌లో కోసేయకండి.

లోఫోటెన్‌లోని హామ్నోయ్ ఊళ్లో అందరూ తీసే ఎర్ర గుడిసెల ఫోటో రోడ్డు వంతెన మీద నుంచి తీసేది. ఆ వంతెన మీద లారీలు పోతుంటాయి. బండి లైటు పడితే మెరిసే భద్రతా చొక్కా వేసుకోండి, ట్రైపాడ్ కాలు రోడ్డు మీదికి చాచకండి. లారీ పోయిన ప్రతిసారీ వంతెన వణుకుతుంది, వణుకు ఆగాకే నొక్కండి. ఊళ్లో మనుషుల ముఖాలు గుర్తుపట్టేలా తీస్తే, ప్రచురించే ముందు వాళ్లని అడగాలి, అది అక్కడ చట్టం.

ఇంకో మాట, ఇది పరికరాలకి సంబంధించింది కాదు. సమీక్షకి మనవాళ్లు తమ ఉత్తమ ఫోటోలు పెడతారు, మెప్పు కోసం. నేను మొదటిసారి అదే చేశాను, ‘బాగుంది’ అన్నారు, అయిపోయింది. రెండోసారి ఎందుకు కుదర్లేదో నాకే అర్థం కాని మూడు ఫోటోలు పెట్టాను. ఉట్టక్‌లైవ్ బీచ్‌లో అలల ఫోటో ఒకటి చూసి గురువు తెర మీద వేలితో ఒక గీత గీసి, నువ్వు అల వచ్చేటప్పుడు నొక్కావు, వెనక్కి పోయేటప్పుడు నొక్కాలి, అప్పుడు నురుగు గీతలు కంటిని కొండ వైపు లాక్కెళ్తాయి అన్నారు. మర్నాడు అర సెకను ఎక్స్‌పోజర్‌తో, వెనక్కి జారే అల మీద, అరవై ఫోటోలు తీశాను. రెండు నిలిచాయి.

రోజూ రాత్రి నిద్ర ముంచుకొస్తున్నా రెండు కాపీలు. రోజుకి ఎనిమిది వందల ఫోటోలు, ఒక్కోటి 50 ఎంబీ అనుకుంటే 40 జీబీ, వారానికి 280. టైమ్‌లాప్స్ తీస్తే ఇంకా. 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు తెచ్చుకోండి, ఒకటి సంచీలో, ఒకటి ఒంటి మీద జాకెట్‌లో. కార్డులు చాలినన్ని ఉంటే అక్కడ ఒక్కటి కూడా ఫార్మాట్ చేయకండి.

అడుగు 11: తిరిగొచ్చాక

ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి. అక్కడ ఏదైనా కొంటే దాని బిల్లు విడిగా ఉంచి, సుంకం లేని హద్దు దాటితే కస్టమ్స్ రెడ్ చానల్‌లో చెప్పేయండి.

ఇంటికి రాగానే మొదటి పని ఫోటోలు చూసుకోవడం కాదు, ట్రైపాడ్ కడగడం. కాళ్లు విప్పి, బకెట్‌లో మంచినీళ్లు పోసి, ప్రతి కీలునీ బ్రష్‌తో తోమండి. కావేరి నీళ్లయితే మేలు. బోరు నీళ్లతో కడిగితే ఒక ఉప్పు పోయి ఇంకో ఉప్పు పడుతుంది. ఆరబెట్టి, కీళ్లకి సన్నగా గ్రీజు రాసి బిగించండి. నేను మొదటిసారి వారం ఆగాను. ఆలోగా ఒక కాలు బిగుసుకుపోయింది, ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ ట్రైపాడ్ తెరిస్తే కిర్రుమంటుంది, పురోహితుడు వెనక్కి తిరిగి చూస్తాడు.